ఉప్పుగాలికి అమ్మ మందు

సెమీసీ అన్నయ్యా,

నువ్వు రాజధాని నుకుఅలోఫాలో కొని పంపిన పాత కంప్యూటరు ఉన్న ర్యామ్‌లలో ఒక్కదాన్నే గుర్తిస్తోంది. నువ్వు రాసినట్టే చోట్లు మార్చి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. లాభం లేదు. అంత తక్కువ మెమొరీతో, సునామీ అల మింగేసిన మన ఊరి పటం తెరుచుకోవట్లేదు. వచ్చేవారం భూముల అధికారికి హద్దులు చూపించకపోతే మన నేల పోయినట్టే. ఏడుపొస్తోంది అన్నయ్యా.

ఇవాళ ర్యామ్‌లు ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన! అమ్మనడిగాను.

"ఉప్పుగాలికి తుప్పు పట్టదూ? పడవ ఇంజనుకు పూసినట్టే పూశానే!" అంది.

ఆ జిడ్డు ఎలా వదిలించాలో తిరుగు పడవలోనే రాసి పంపు. అమ్మను మాత్రం ఏమీ అనకు. పూత సరిపోలేదేమోనని, నూనె సీసాతో నా పక్కనే నిలబడి ఉంది.

నీ చెల్లెలు