సూరమ్మ కుండలో పురుగులు

గుంటూరు, 1966. మంగళవారం.

సాయంత్రం ఐదింటికి బ్రాడీపేటలో సూరమ్మ సూపు బండిని మునిసిపాలిటీ వాళ్లు లాక్కుపోయారు. సూపులో పురుగులున్నాయని ఎదురు హోటలు యజమాని ఫిర్యాదు చేశాడట. శానిటరీ ఇన్‌స్పెక్టరు కుండలో గరిటె కూడా పెట్టలేదు.

"పురుగులు కాదండీ, గోధుమపిండి నూడుల్స్. మీ ఇంట్లో సేమియా పాయసం చెయ్యరా?" అంది సూరమ్మ.

"పాయసం వేరు. ఇది బర్మా తిండి," అన్నాడాయన.

సూరమ్మ, బర్మా వాళ్లు వెళ్లగొడితే రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషి. ఆ సూపూ, పుల్లకు గుచ్చి కాల్చిన మాంసమూ అమ్మి పిల్లల్ని సాకుతోంది.

"రుచి చూశారా?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగాను.

"ఛీ, నేనా!"

ఆ మాట ఉన్నదున్నట్టు మా పేపరుకి రాసిచ్చాను. వేస్తారో లేదో... ఎదురు హోటలు ప్రకటన రోజూ మా మొదటి పేజీలోనే ఉంటుంది.

రేపు పదింటికి కమిషనరు గారి ముందు విచారణ. సూరమ్మ ఇంటి నుంచి పొయ్యీ కుండా తెచ్చి ఆయన ముందే వండుతానంది.