యాదగిరి వేసిన బూజు

ఏమండీ,

"యాదగిరి చెయ్యి పడ్డ గోడ అబద్ధం చెప్పదు" అని ముప్పై ఏళ్ళు నాతో వాదించారు. సరిదిద్దుకోండి. చెప్పింది. పట్టపగలు, నా కళ్ళెదుటే, ఒక నర్సుకి.

మీరు వెళ్ళి పదకొండు నెలలైంది. నేను కులాసాయే. మోకాళ్ళు తప్ప ఒంట్లో అన్నీ నా మాట వింటున్నాయి. మోకాళ్ళకి మీ పోలిక వచ్చినట్టుంది...

సంగతి మీ సినిమా సెట్ల సామాను దాచిన మన ఫిలింనగర్ గోడౌన్‌ది. మీకు మందు ఎక్కించే రోజుల్లో, ఆసుపత్రి ఎదురు ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకున్న రోగుల్ని కారులోంచి చూసి ఒక మాటన్నారు, గుర్తుందా? "మన గోడౌన్‌లో అట్ట సింహాసనాలు నీడపట్టున పడుకున్నాయి. మనుషులేమో..." అని ఆపేసి కళ్ళు మూసుకున్నారు. మీరు సగంలో వదిలేసిన మాటల్ని పూర్తి చెయ్యడమే కదా నా కాపురమంతా. ఇదీ అంతే.

క్యాన్సర్ రోగులకి సాయం చేసే ఒక ట్రస్టుకి గోడౌన్ ఇచ్చేశాను. ఊళ్ళ నుంచి చికిత్సకి వచ్చేవాళ్ళు ఉండటానికి. బాగుచేసి అప్పగించే పని మాత్రం మనదే. ఎలా ఉందనుకున్నారు? కప్పు కారుతోంది. ఒక గోడ నెలలు నిండినట్టు ముందుకొచ్చింది. స్నానాలగదిలో మీ ప్లాస్టర్ ఏనుగు తల, తొండం తొట్టిలో పెట్టుకుని నన్నే చూస్తోంది.

మనవరాలు చిన్ని వాట్సాప్‌లో అందర్నీ పిలిచింది. జూబ్లీహిల్స్ అమ్మాయిలు ఓ పదిమంది వచ్చి, బ్రష్షులు పట్టుకుని ఫోటోలు దిగి, బ్రష్షులు భద్రంగా తిరిగిచ్చి వెళ్ళారు. అబద్ధమెందుకు, ఇద్దరు మాత్రం ఆగారు. స్నానాలగది కడిగింది ఆ ఇద్దరే. మీ సినిమాలన్నిట్లో మొదటి దెబ్బకే చచ్చిపోయే ఫైటర్ ఉన్నాడే, అతనొచ్చి మంచాలన్నీ ఒక్కడే మోశాడు. చావకుండా అంతసేపు పని చెయ్యడం తనకిదే మొదటిసారట.

ఆ తర్వాత మీ సైన్యం. రహమత్ నగర్ నుంచి యాదగిరి, వెనకాల ఎనిమిదిమంది సెట్ పెయింటర్లు. కూలి మాటెత్తితే కోప్పడ్డారు. నాకు కళ్ళు చెమర్చాయి... ఐదు నిమిషాలే లెండి. ఎందుకంటే డబ్బాలు విప్పి అందరూ అలాగే నిలబడిపోయారు.

"అమ్మా, కెమెరా ఏ దిక్కు?" అన్నాడు యాదగిరి.

కెమెరా లేదయ్యా, ఇది ఇల్లు అన్నాను.

"కెమెరా లేకుంటే గోడకు ముందేదమ్మా, ఎనకేది?"

నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఇలాంటి ప్రశ్న ఏ పిల్లాడూ అడగలేదు. విసుగొచ్చి గది మధ్యలో కుర్చీ వేసుకుని, నేనే కెమెరాని, కానివ్వండి అన్నాను. నాకు కనిపించినంతమేరా అద్దంలా చేశారు. తలుపు వెనక, అలమర లోపల, నా వీపు వైపు... ఒక్క చుక్క పడితే ఒట్టు! ఇక గంటకోసారి కుర్చీ జరుపుకోవడమే నా పని. జరిపినప్పుడల్లా ఒక కేక: "అరే, అమ్మ జరిగింది! ఆ దిక్కు కొట్టుండ్రి!"

శనివారానికి ఇల్లంతా తెల్లగా అయింది. అప్పుడు నోరు జారాను. "ఇదేంటి యాదగిరీ, ఆసుపత్రిలా ఉంది. మనుషులు కాపురమున్న ఇల్లులా కనిపించాలి" అన్నాను. ఎవరితో ఏ మాట అనకూడదో ఈ వయసులో కూడా తెలియలేదు చూశారా?

సోమవారం ట్రస్టు నర్సు మేరీ సిస్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. పెడితే ముందుగా వచ్చేది బాలమణి. వనపర్తి వైపు మనిషి. భర్తతో కలిసి అదే ఫుట్‌పాత్ మీద మూడు వారాలుగా ఉంటోంది. సంతకం లేకపోతే అక్కడే ఉంటుంది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి తలుపు తీశాను. గోడలకి నలభై ఏళ్ళ వయసొచ్చేసింది! కిటికీ కింద వాన కారిన చారలు. పొయ్యి దగ్గర మసి. మూలన చెమ్మకి పట్టినట్టు పచ్చగా, నల్లగా, ఒత్తుగా బూజు. యాదగిరి చేతులు కట్టుకుని మెప్పు కోసం నిలబడ్డాడు.

"ఎట్లుందమ్మా కాపురం?"

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి సిస్టర్ గొంతు. "ఇంత బూజు పెట్టుకుని రోగుల్ని ఎలా పిలుస్తారండీ? అసలే ఒంట్లో శక్తి లేనివాళ్ళు. ఈ గాలి పీలిస్తే ఇంకేమైనా ఉందా? నేను సంతకం పెట్టను." వెనక్కి తిరిగింది.

అది బూజు కాదమ్మా, రంగు అన్నాను. "అందరూ ఏదో ఒకటి చెప్తారండీ" అంది గడప దాటుతూ. బాలమణికి ఏం చెప్పను?

అప్పుడు మీ యాదగిరి ఏం చేశాడో తెలుసా? నేరుగా మూలకి పోయి, వంగి, ఆ బూజుని నాకాడు.

"సూడు సిస్టరమ్మా, ఉత్త రంగు!"

"ఉమ్మెయ్! ముందు ఉమ్మెయ్!" అంటూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది. అతని చేత నోరు కడిగించి, గోడని గోటితో గీకి, వాసన చూసింది. చివరికి, "చాలా బాగా వేశారండీ. తీసెయ్యండి" అంది. వాసన పోయేదాకా మూడు రోజులు తలుపులు తెరిచి ఉంచమని చెప్పి, సంతకం పెట్టి వెళ్ళింది.

ఆ బూజుని యాదగిరి ఇంకెవర్నీ ముట్టనివ్వలేదు. తానే తెల్లరంగు కొట్టాడు, సొంత బిడ్డకి గుండు కొట్టిస్తున్న మొహంతో. మంచం పక్క గోడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ, మనిషి కూర్చుని తల ఆనిస్తే తగిలే ఎత్తులో, గుండ్రంగా ఒక నూనె మరక.

"ఇది సార్‌దమ్మా" అన్నాడు.

మన హాల్లో మీరు తల ఆనించే చోటిది. నేను ముప్పై ఏళ్ళు తిట్టిపోసి, మీరు వెళ్ళిన నెలకే సున్నం కొట్టించేసిన మరక. చూసి గీయడానికి ఎక్కడా లేదు... అతనికి అంతా గుర్తుందండీ. ఎడమవైపు కొంచెం జారడంతో సహా.

కొట్టెయ్యమనలేదు. ఉంచమనీ అనలేదు. నా కుర్చీని ఆ మరక నా వీపు వైపు పడేలా తిప్పుకున్నాను. కెమెరా చూడని చోట వాళ్ళు రంగు వెయ్యరని మీకు తెలుసు కదా.

బాలమణి శుక్రవారం వచ్చింది. వస్తూనే పడుకుని నిద్రపోయింది. ఆమె భర్త పక్కన కింద కూర్చుని, సరిగ్గా ఆ మరక మీదే తల ఆనించి కునుకు తీశాడు. ఇంకో ఏడాదికి అందులో మీ నూనె ఎంతో, అతనిది ఎంతో చెప్పడం కష్టం.

ఇప్పుడు పని వినండి. మందు ఎక్కించిన రోజు ఆమెకి మీలాగే ఒణుకొస్తోంది. ఊటీ షూటింగుకి కొన్న ఉన్ని రగ్గులు మీ ఇనప పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టారు? మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఆ గోడౌన్‌లోనే నడుం వాలుస్తున్నాను. కలలోకొచ్చి చెప్పి వెళ్ళండి. తలుపు ఇప్పుడు సెట్టులో అట్టది కాదు, నిజం తలుపే, నెమ్మదిగా తొయ్యండి. చెప్పులు బయట విడవండి.

పెరటి వైపు గదిలో మాత్రం గోడకి తల ఆనించకండి. నిన్ననే రెండో పూత వేశారు, రంగు ఇంకా ఆరలేదు.