జ్వరం రాని రోజు

సుగుణా,

నువ్వు వెళ్ళి ఏడాది రెండు నెలలైంది. ఇక్కడ అందరం క్షేమమని రాయలేను... రూతు లేదు. మన పెద్ద మనవరాలిని మొన్న వానల్లో నీ పక్కనే పడుకోబెట్టాం.

చలిజ్వరం. మొదటి రోజు మధ్యాహ్నం వణికింది. కోడలు ఎస్తేరు ఊళ్ళో సూదిమందు వేసే అతని దగ్గరకు ఎత్తుకెళ్ళింది. మర్నాడు పిల్ల లేచి ఆడుకుంది. తగ్గిందనుకుని ఎస్తేరు పలాస జీడిపప్పు పనికి పోయింది. నేనే వెళ్ళమన్నాను. మూడో రోజు అదే వేళకు మళ్ళీ వణుకు...

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. “రోజిడిసి రోజొచ్చే జొరం దొంగలాటిది మావా. రాని రోజునే తలుపెయ్యాల.” అందుకే నాలుగో రోజు, ఒళ్ళు చల్లగా ఉండగానే, ముగ్గురం బస్సెక్కి సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. ఏమన్నారో తెలుసా? జ్వరమేదీ, ఉన్నప్పుడు తీసుకురండి అన్నారు. వేలు గుచ్చి గాజుపలక మీద రక్తం తీసుకున్నారు. సంగతి తర్వాత తెలుస్తుందట.

ఉన్నప్పుడు ఎలా తెస్తాం? జ్వరం వచ్చేదీ మధ్యాహ్నమే, ఆసుపత్రి మూసేదీ మధ్యాహ్నమే. ఐదో రోజు వణుకుతున్న పిల్లను మోసుకుని వెళ్తే తలుపుకు తాళం. ఏ తల్లి కుదర్చగలదు ఈ రెండిటినీ?

ఆరో రోజు జ్వరం లేదు, తీసుకెళ్తే మళ్ళీ అదే మాటంటారని ఆగాం. ఏడో రోజు ఫిట్సు వచ్చాయి. ఆటోలో టెక్కలి తీసుకెళ్ళాం. డాక్టరు పిల్ల చెయ్యి పట్టి చూసి, ఎస్తేరు వైపు తిరిగి, “ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా? తల్లివేనా నువ్వు?” అన్నాడు. ఆమె తల దించుకుంది. నాకు అన్నీ తెలుసు. సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. “నీ నోట్లోంచి మాట రావాలంటే బండి కట్టాల మావా” అని నవ్వేదానివి. ఆ రోజు చూస్తే నవ్వేదానివి కాదు.

సాయంత్రానికే పోయింది.

మట్టి చేసిన తొమ్మిదో రోజు ఆసుపత్రి మనిషి సైకిలు మీద వచ్చాడు. రూతు రక్తంలో మలేరియా ఉందట. మాత్రలు తెచ్చాడు. ఎవరికి వెయ్యమంటాడు?

ఊరు మాత్రం ఎస్తేరునే అంటోంది. పనికి పోయింది కాబట్టే పిల్ల పోయిందట. పోకపోతే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? వేళకు మూసుకుపోయిన తలుపును ఒక్కరూ అనరేం?

నిన్న మధ్యాహ్నం చిన్నదానికి వణుకు పుట్టింది సుగుణా. కోడలు కదలడం లేదు. “నానెల్లను మావయ్యా. మళ్ళీ తల్లివేనా అంతారు” అని పిల్లను ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. మందు దొరక్కపోవడం ఒక ఎత్తు. మందు అడగడానికే తల్లి భయపడేలా చేశారు... 

ఇవాళ జ్వరం రాని రోజు. చొక్కా వేసుకున్నాను. చిన్నదాన్ని నేనే ఎత్తుకుంటాను, ఎస్తేరు నా వెనక నడిస్తే చాలు. జ్వరమేదీ అంటే, నిన్న వచ్చింది, రేపు వస్తుంది, రక్తం ఇవాళే చూడండి అంటాను. చూసి మందిచ్చేదాకా అక్కణ్ణించి లేవను. తల్లిని ఏమైనా అనాలనుకుంటే నా వైపు తిరిగి అనమంటాను.

బస్సు వేళయింది. ఇవాళ బండి కట్టనక్కర్లేదు.

నీ దానియేలు