స్టూలు మీద కూర్చుని చూసే పని

చిట్టితల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. ఉద్యోగం మానేసి, పోయిన మీ అన్నయ్యలా సొంతంగా సాఫ్ట్‌వేర్ పని చేసుకోనా అని అడిగావు కదా. ఇవాళ మందుల షాపుకి వెళ్తే, అక్కడి బిల్లుల ప్రోగ్రామ్ వాడు రాసిందేనని తెలిసింది.

"మొదటిరోజంతా మీవాడు కంప్యూటర్ ముట్టలేదమ్మా, స్టూలేసుకుని కూర్చున్నాడు. 'పని మొదలెట్టవేంటయ్యా?' అంటే 'ఇదే పనండీ, చూడనివ్వండి' అన్నాడు" అని షాపాయన నవ్వాడు.

ఏం చూశాడో అని నేనూ కాసేపు కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ మాత్ర ఎప్పుడు వేసుకోవాలనే అడుగుతున్నారు. షాపాయన బిల్లు చూపిస్తున్నాడు. అందులో వాడు మాత్ర వేసుకునే వేళ ఒక్కటే పెద్దక్షరాల్లో వచ్చేలా చేశాడే!

నీకూ అలా కూర్చుని చూసే ఓపికుంటే ఉద్యోగం మానెయ్యమ్మా, నాకు భయం లేదు. వాడి కంప్యూటర్ పంపనా? ఛార్జర్లు రెండున్నాయి, దానిది ఏదో తెలియట్లేదు. వాడిలా పనిలో పడి పస్తుండకు, వేళకి కడుపునిండా తిను.