అత్తయ్య ఎంచుకున్న కొళాయి

నవత వదినకు, ఇక్కడ అందరం కులాసా. మీరు బెంగ పెట్టుకోవద్దు.

అత్తయ్య వంట మానేసి ఊరెళ్ళిపోతానన్నది మా మీద కోపంతో కాదు. కీళ్ళ నొప్పులతో వంటింటి కొళాయి తిప్పలేకపోతున్నారు. ఓసారి వేడినీళ్ళు పడి వేళ్ళు చుర్రుమన్నా మాకు చెప్పలేదు, నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపెట్టారు. కొత్త కొళాయి కొందామని శనివారం ముగ్గురం కొట్టుకి వెళ్ళాం. మీ తమ్ముడు మెరిసే గుండ్రటి పిడి ఉన్నది బాగుందన్నారు. "నీకు బాగుంటే ఏం లాభంరా ఉపేంద్రా, తిప్పాల్సింది నేను గదా" అని అత్తయ్య వరసగా అన్నీ తిప్పి చూశారు. పొడుగు పిడి ఉన్నదాన్ని మణికట్టుతో నెట్టి, "ఇదయితే నా మాట వింటది" అని నవ్వారు. అదే బిగించాం. నీళ్ళు మరీ వేడిగా రాకుండా అడ్డు కూడా పెట్టించాం. మర్నాడు నేను లేచేసరికి బియ్యం కడిగేసి ఉంచారు. ఊరెళ్ళే మాట మళ్ళీ ఎత్తలేదు. నా గుండె తేలికపడింది వదినా.

మారయ్య బాబాయికి కంటి ఆపరేషన్ అయ్యాక చూపు ఎలా ఉంది? ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు పంపండి. గోంగూర వద్దు, ఇక్కడే దొరుకుతోంది. మీ అందరినీ చల్లగా ఉండమని అత్తయ్య దీవించారు. వంకాయ కూర దించి, చల్లారిపోతోందని నన్ను కేకేస్తున్నారు, వెళ్తున్నాను.

మీ సుస్మిత