బ్రెమెన్ చిరునామా

తూర్పు ఫ్రీస్లాండ్,
అక్టోబర్ 14

తాల్కె తల్లీ,

నీకూ, అల్లుడికీ అమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాట లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. ఎంత క్షేమమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు సంగతులు అడిగావు. మోకాలు ఫరవాలేదు. కరకట్ట ఎక్కగలుగుతున్నాను, దిగేటప్పుడు మాత్రం గొర్రెలు కూడా నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నాయి. రెండోది, మీ నాన్న టీ రుచి చూసే గది. దానికి తాళం పడింది. ఇప్పుడు ఆకు కలిపేది యంత్రమే. ఆ పొడే నేనూ తాగుతున్నాను. రంగు వస్తుంది, అంతే.

మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. కప్పులో వేడి టీ తగిలి కలకండ పలుకు చిటపటలాడటం విన్నాను. మళ్ళీ లేచి కిటికీ మూశాను. ఇంక చేయడానికి పనులు లేవు. "నా వాటా తీసేసుకున్న మీటింగ్ గురించి నాకు ముందుగా ఎందుకు తెలియలేదమ్మా?" అని అడిగావు. చెబుతాను.

మీ నాన్న పోయేముందు టీ కంపెనీని నాలుగు వాటాలు చేసి, రెండు నీ తమ్ముడికి, ఒకటి నీకు, ఒకటి నాకు రాశారు. "రెమ్మెర్‌కి అమ్మడం వచ్చు. తాల్కెకి టీ రుచి పట్టే నాలుక ఉంది. ఇద్దరూ కొట్టుకుంటే మధ్యలో నువ్వుండు గేషె" అన్నారు. మధ్యలో ఉండమన్నారు, చూశావా! ఆ ఒక్క పనీ నేను చేయలేకపోయాను.

ఆయన ఉన్న రోజుల్లో మీటింగ్ అంటే ఈ వంటింటి బల్లే. చెంచా కప్పులో పెట్టేదాకా పోస్తూనే ఉండటం మన ఊరి మర్యాద కదా, అందరి చెంచాలూ కప్పుల్లో పడేదాకా ఏదీ తేలినట్టు కాదనేవారు. కొత్త లారీ కొనాలనుకున్నప్పుడు నువ్వు తొమ్మిదో కప్పుదాకా చెంచా పెట్టలేదు. "దీని పంతానికి నా పొట్ట పగిలేట్టుందే!" అని నవ్వి, లారీ మానుకున్నారు. నలుగురిలో ఒక్కరు వద్దంటే ఆయనకు అది చాలు.

వేసవిలో నువ్వు కంపెనీ కాగితాలు చూపించమని రాశావు. అది వాటాదారుగా నీ హక్కు. రెమ్మెర్ మండిపడ్డాడు.

"అక్కకి కాగితాలెందుకమ్మా? డబ్బా మీద నాన్న చేత్తో కలిపిన టీ అని వేస్తున్నాం. లోపలున్నది వేరే ఆకు. కాగితాలు చూసిందంటే ఊరూరా చెప్పేస్తుంది. పాతికమంది పొట్ట కొడుతుంది."

"చెప్తే చెప్పనీరా, అబద్ధం కాదుగా."

"ఓహో, నువ్వూ దాని పక్షమేనన్నమాట."

మూడు రోజులు నా గుమ్మం తొక్కలేదు. పక్కిల్లే అయినా పిల్లల్ని కూడా రానివ్వలేదు. నాలుగో రోజు ఒక కవరు పట్టుకుని వచ్చాడు.

"మీటింగ్ పెడుతున్నానమ్మా. అక్క కంపెనీకి చెడ్డపేరు తెస్తోంది కాబట్టి దాని వాటా వెనక్కి తీసుకుందాం. పిలుపు రిజిస్టర్ పోస్టులో పంపాలి, చట్టం అది. చిరునామా నువ్వు రాయి, బ్రెమెన్‌ది."

నా పెన్ను ఆగింది. నువ్వు బ్రెమెన్ వదిలి బెర్గెన్‌లో కాపురం పెట్టి రెండేళ్ళయిందని నాకు తెలియదా? క్రిస్మస్‌కి అల్లం రొట్టెలు బెర్గెన్‌కే కదా పంపాను. నీ పుట్టినరోజుకు వాడు కార్డు పంపిందీ అక్కడికే.

"అది అక్కడ లేదు కదరా" అన్నాను.

"కంపెనీ పుస్తకంలో ఆ చిరునామానే ఉంది. మార్పించుకోకపోవడం దాని తప్పు. రాయమ్మా!"

వాడు నా మొహం చూడలేదు. నేనూ వాడి మొహం చూడలేదు. రాశాను తల్లీ. తెలిసే రాశాను. నువ్వు సముద్రం అవతల ఉన్నావు, వాడు పక్కింట్లో ఉన్నాడు. ఈ వయసులో ఆ పక్కింటి తలుపు మూసుకుపోతుందని భయపడ్డాను. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను కానీ దొరకలేదు.

మీటింగ్ రోజు అలవాటు కొద్దీ నాలుగు కప్పులు పెట్టాను. రెమ్మెర్ ఒక్క కప్పు తాగి చెంచా అందులో వేసేశాడు. మన ఇంట్లో మూడు కప్పులైనా తాగకుండా చెంచా వేసినవాణ్ణి అదే మొదటిసారి చూడటం. "నాలుగింట మూడు వంతులుంటే చాలమ్మా, చెయ్యెత్తు" అన్నాడు. నీ ఖాళీ కప్పు నా ఎదురుగానే ఉంది. చెయ్యెత్తాను.

పోయిన వారం పోస్టాయన హిన్‌రిక్ ఆ కవరు తిరిగి తెచ్చాడు. "కంపెనీ ఆఫీసు మూసేసుంది. నీ చేతిరాత చూసి ఇటే తెచ్చాను గేషె. కన్నకూతురి చిరునామా మరిచిపోయావా? ముసలైపోతున్నావు సుమా!" అని నవ్వాడు. మరిచిపోయానని అనేస్తే సరిపోయేది. కానీ వాకిట్లో నిలబడే ఏడ్చాను. పాపం, తన మాటకే బాధపడ్డాననుకున్నాడు.

మర్నాడు బస్సెక్కి ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను. తెలిసి తెలిసి తప్పు చిరునామాకు పంపితే పిలవనట్టేనట. ఒక వాటాదారుని పిలవకుండా చేసిన తీర్మానం చెల్లనే చెల్లదట. "కానీ తెలిసే పంపారని ఎవరు చెప్తారమ్మా?" అన్నాడు. "నేను చెప్తాను" అన్నాను.

ఈ ఉత్తరం ఇంతవరకు రాసి, ముందు రెమ్మెర్‌నే పిలిచి చదివి వినిపించాను. చాటుమాటు పని ఒకసారి చేసింది చాలు.

"నువ్వసలు నా తల్లివేనా?" అన్నాడు.

"దానికీ తల్లినేరా" అన్నాను.

టీ పోశాను. ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. వాళ్ళింటి తలుపు వేసిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. నేను భయపడిన చప్పుడు అదే. విన్నాను, బతికే ఉన్నాను. వాడి చెంచా మాత్రం ఇంకా సాసర్లోనే ఉంది. మీ నాన్న పద్ధతిలో ఏదీ తేలలేదన్నమాట. ఆ కప్పు తీయలేదు.

కవరు ఇందులో పెట్టాను, విప్పలేదు. దాన్నీ, ఈ ఉత్తరాన్నీ నీ లాయరుకి ఇవ్వు. కోర్టు పిలిస్తే మోకాలు ఎలా ఉన్నా వస్తాను. తమ్ముణ్ణి ఎంత తిట్టుకుంటావో నీ ఇష్టం. కానీ కవరు మీద రాత వాడిది కాదు, నాది. అది మరిచిపోకు.

ఇట్లు,

గేషె హైకెన్, కంపెనీలో పావు వాటాదారు. ఇది కోర్టుకు.

అమ్మ. ఇది నీకు, ఇంకా అలా పిలవాలనిపిస్తే.