ఆగని మోటార్

మార్చి 3
మళ్లీ నడి నీళ్లలో ఆగిపోయింది. పడవ నిండా జనం. స్టార్ట్ చేసే తాడు లాగి లాగి అన్న చెయ్యి వాచిపోయింది. తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరాం. దిగుతూ ఒకావిడ, ఈ మోటార్‌ని మ్యూజియంలో పెట్టుకోండి అంది. అన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చి 4
పెట్రోల్ వస్తోంది. ప్లగ్గులు విప్పితే తడిసి ఉన్నాయి. అంటే స్పార్క్ లేదు. కొత్తవి వేశాను. మధ్యాహ్నం దాకా బుద్ధిగా తిరిగి మళ్లీ మొండికేసింది.

మార్చి 5
ప్లగ్గులకి కరెంటు పంపే కాయిల్ మార్చాను. అదే తంతు.

ఇంకొక్కసారి ఆగితే ట్రిప్పులు వేరే పడవకి ఇచ్చేస్తానని రేవు సూపర్‌వైజర్ అన్నాడట. అన్న నాకు చెప్పలేదు, వదిన చెప్పింది. అన్నం ముందు కూర్చున్నా అన్న వేళ్లు తాడు పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

మార్చి 7, ఉదయం
దొరికింది. స్టాప్ స్విచ్ వైరు విప్పి తాడు లాగాను. నీలంగా, టక్కుమని స్పార్క్. స్విచ్ లోపలంతా తుప్పు. మోటార్ వేడెక్కి అదిరితే చాలు, ఎవరూ నొక్కకుండానే ఆపేస్తోంది. ఇన్నాళ్లూ పాపం కాయిల్‌ని తిట్టుకున్నాను.

సాయంత్రం
కొత్త స్విచ్ రావడానికి టైమ్ పడుతుందన్నాడు షాపతను. అప్పటిదాకా వైరు విప్పే ఉంచు, ఆపాలంటే చోక్ లాగుతా అన్నాడు అన్న. నేను ఒప్పుకోలేదు. నడిపేవాడు మణికట్టుకి కట్టుకునే తాడు ఆ స్విచ్‌కే కదా ఉండేది. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి మోటార్ ఆగాలి. వైరు లేకపోతే పడవ తన దారిన తాను పోతుంది.

నడక రాకముందే పడవెక్కినవాణ్ని, నేను పడే రకం కాదన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి వైరు చివర టేప్ చుట్టి ఇచ్చింది నేనే.

మార్చి 8
బ్రహ్మాండంగా నడిచింది. చెల్లి చెయ్యి పడితే మోటార్ మాట వింటుందని అన్న రేవంతా చెప్పుకున్నాడు.

మార్చి 10


నిన్న అన్న అవతలి ఒడ్డు నుంచి ఖాళీగా వస్తున్నాడు. నేను రేవులో ఉన్నాను. పెద్ద లాంచీ పక్కనుంచి పోయింది, దాని అలకి మా పడవ ఎగిరింది. చూస్తే పడవలో అన్న లేడు.

మోటార్ హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోయింది. పడవ గిర్రున అన్న చుట్టూనే తిరుగుతోంది. ఊపిరికి అన్న తల పైకెత్తడం, పడవ తన మీదికి దూసుకురావడం, తను మళ్లీ మునగడం. నేను ఒడ్డున నిలబడి ఆగు ఆగు అని అరుస్తున్నాను. ఎవరికి చెప్తున్నానో.

చేపలు పట్టే బట్టతల మామ తన పడవని దగ్గరికి పోనిచ్చి, కొత్త వల మొత్తం ఎత్తి మా పడవకి అడ్డంగా విసిరాడు. వల నీళ్లలో తిరిగే మోటార్ ఫ్యాన్‌కి చుట్టుకుంది. మోటార్ మూలిగి ఆగింది.

అన్న పిక్క చీరుకుపోయింది. ఎముకకి తగల్లేదన్నాడు డాక్టర్. ఆస్పత్రి వరండాలో వదిన నన్ను ఒక్కటే అడిగింది.

"ఇలా అవుతుందని నీకు తెలుసు కదా?"

తెలుసన్నాను.

మార్చి 13
క్షమించమని అడగడానికి వెళ్లాను. అన్న పూర్తిగా చెప్పనివ్వలేదు. టేప్ నువ్వు చుట్టావు, చుట్టమని నీ ప్రాణం తీసింది నేను అన్నాడు. వదిన గోడవైపు తిరిగి బట్టలు మడత పెడుతూనే ఉంది. మడతపెట్టినవే విప్పి మళ్లీ పెడుతోంది.

మార్చి 16
స్విచ్ వచ్చింది. బిగించాను. పడవ కట్టేసి ఉండగానే స్టార్ట్ చేసి, మణికట్టు తాడు ఊడేలా లాగి ఆపాను. మళ్లీ స్టార్ట్ చేసి మళ్లీ ఆపాను. సూపర్‌వైజర్ ఇక చాలమ్మా అనేదాకా.

మార్చి 18
వదిన రేవుకొచ్చింది. పడవెక్కి వెనక నా పక్కనే కూర్చుంది. నడపడం వద్దు, ఆపడం ఒక్కటి నేర్పమంది.

నడి నీళ్లలో తనే ఆపింది. నీళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోయాం. స్టార్ట్ చెయ్యమని తను అనలేదు, చెయ్యనా అని నేనూ అడగలేదు.